ఏడు నెత్తళ్ళు, ఒక పట్టురవిక

ఇస్త్రీ పెట్టెను ఎంచుకోవడం అల్లుణ్ణి ఎంచుకోవడం కంటే కష్టం. అల్లుడు వేడెక్కితే మన కొంప ఒక్కటే కాలుతుంది. కుట్టుగదిలో పెట్టె వేడెక్కితే ఊళ్ళోవాళ్ళందరి పట్టుచీరలూ కాలతాయి. అందుకే పోయిన వారం నెల్లూరు బజారులో ఒక కొట్టుకు పోయి, పొద్దున కూర్చున్నదాన్ని అన్నాల వేళ దాకా లేవలేదు. కొట్టాయన మొదట్లో నన్ను "అక్కా" అన్నాడు. పన్నెండో పెట్టె దించేటప్పటికి "అమ్మా" అన్నాడు. ఇంకో రెండు దించి ఉంటే "తల్లీ, నన్నొదిలిపెట్టు" అనేవాడే.

"ఇది ఆవిరి పెట్టె అక్కా. ఈకంత బరువు."

"ఈకతో దువ్వుకోవడానికి నేనేమన్నా కోడినా నాయనా? కాస్త బరువుండాలి. లేకపోతే పెట్టె చేసే పని కూడా నా భుజమే చెయ్యాలి."

అడుగు రేకు మీద అరచెయ్యి రాసి గరుకుందేమో చూసినాను. వైరు పెట్టెలోకి దూరే చోట వంచి చూసినాను. వైరు ఎప్పుడు చచ్చినా మెడ దగ్గరే చస్తుంది. పెట్టెను మడమ మీద నిలబెట్టి, పడుతుందేమోనని బల్లను ఒక్క గుద్దు గుద్దినాను. పెట్టె పడలేదు, కొట్టాయన పడబోయినాడు. పట్టుకు ఒక చోట, నూలుకు ఒక చోట టక్కుమని ఆగే వేడి బిళ్ళ ఉందా లేదా అని ఇరవైసార్లు తిప్పినాను. చివరికి అడుగున ఉన్న ఆవిరి బొక్కల దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చినాను.

"ఏందమ్మా, వాసన చూస్తా ఉండారు? డబ్బా ఇప్పుడే గదా ఇప్పినా!"

"ఏం లేదులే. పాత అలవాటు."

ఇంటికొచ్చి, నా దగ్గర కుట్టు నేర్చుకునే ఆడపిల్లల ముందు డబ్బా విప్పితే, లోపల పంచాంగమంత లావు పుస్తకం. నిండా హెచ్చరికలే. ఒక పిల్ల గట్టిగా చదివింది: "ఒంటి మీద ఉన్న గుడ్డను ఇస్త్రీ చేయరాదు." అందరూ పడీపడీ నవ్వినారు. "తడి చేతులతో ముట్టరాదు. నీళ్ళు పోసే ముందు ప్లగ్గు తీయవలెను. వేడి పెట్టెను వదిలి వెళ్ళరాదు." ఇవన్నీ నాకు పదమూడేళ్ళప్పుడే నోటికొచ్చు. నేను వెతికింది ఒక్క నియమం. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పినా అది లేదు.

పెట్టెలో ఎండు నెత్తళ్ళు వేయరాదు.

లేకపోవడం న్యాయమే. ఆ పని లోకంలో చేసినదాన్ని నేనొక్కదాన్నే.

మా అత్త, అంటే మా నాన్న చెల్లెలు, విడవలూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఆఖరి ఊళ్ళో ఉండేది. దాని తర్వాత ఇంకో ఊరు కావాలంటే పడవెక్కాల్సిందే. మామ పొద్దు పొడవక ముందే వేటకు పోయేవాడు. అత్త వసారాకు తడికె కట్టి, అందులో కుట్టుమిషను వేసుకుని, చుట్టుపక్కల పది ఊళ్ళ ఆడవాళ్ళకు రవికలు కుట్టేది. ఎండాకాలం సెలవులు వస్తే చాలు, నేను సంచి సర్దుకుని ఆడికి పోయేదాన్ని.

ఆ గదిలో నాలుగు వాసనలు ఎప్పుడూ కొట్లాడుకుంటా ఉండేవి. మిషను నూనె, గంజి, కొత్తగుడ్డ, బొగ్గు. అయిదోది కిటికీలోంచి వచ్చేది. అదొస్తే మిగతా నాలుగూ నోరు మూసుకునేవి. ఎండు చేపల వాసన! ఆ కాలంలో ఊరి ముందర ఇసుకంతా వలలు పరిచి నెత్తళ్ళు ఎండేసేవాళ్ళు. చూపుడు వేలంత లేని చేప అది, కానీ లక్షల మంది కలిసి ఎండుతా ఉంటే ఆ వాసనకు కాకి కూడా కళ్ళు తిరిగి పడేది. మొదటి రెండు రోజులు నాకు అన్నం దిగేది కాదు. మూడోనాటికి ముక్కు లొంగిపోయేది. నాలుగోనాడు చద్దన్నంలోకి ఆ నెత్తళ్ళ వేపుడే రెండుసార్లు అడిగి వేయించుకునేదాన్ని. ఆ తర్వాత ఆ ఊళ్ళో చేపల వాసనంటూ ఒకటి ఉందనే మరిచిపోయేదాన్ని. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

అత్త దగ్గర రెండు ఇస్త్రీ పెట్టెలుండేవి. ఒకటి ఇత్తడిది, బొగ్గులు వేసేది. మూత మీద గొళ్ళెం కోడిపుంజు ఆకారంలో ఉండేది. నేనూ, అత్త మేకా కలిసి ఒక పక్క కూర్చున్నా తూగనంత బరువు. రెండోది మామ మద్రాసు నుంచి తెచ్చిన కరెంటు పెట్టె. తెచ్చిన నెలకే దాని బిళ్ళ విరిగింది. అప్పట్నించి దానికి రెండే బుద్ధులు. ఒకటి చల్లగా పడి ఉండడం, రెండోది ప్రళయం. పైగా సముద్రపు గాలికి లోపల చెమ్మ చేరి, తడికాళ్ళతో ముట్టుకున్నవాళ్ళను ఎగరేసి తడికె అవతల పారేసేది. అందుకని దాన్ని నూలు పంచెలకు, దిండు గలీబులకు మాత్రమే తీసేది అత్త, అదీ కాళ్ళ కింద చెక్కపీట వేసుకుని. పట్టు రవికలన్నిటికీ ఇత్తడి పెట్టే.

ఆ పెట్టె నా చేతికి రావాలని నా ఆశ. ఆ వయసులో నాకు దేవుడు కనబడి వరం కోరుకోమంటే, "స్వామీ, ఆ కోడిపుంజు పెట్టె పట్టుకుని ఒక్క పట్టురవిక" అని ఉండేదాన్ని. పెట్టె పట్టినవాళ్ళే కుట్టుపని వచ్చినవాళ్ళు. మిగతావాళ్ళు గుండీలు కుట్టేవాళ్ళు, అంతే. అత్త ఆ ఏడు మాటిచ్చింది. "ఈ సెలవుల్లో నీ చేతికిస్తా. ముందు నా మాటలు ఒంటబట్టించుకో."

అత్త మాటలు నాకు ఎక్కాల కంటే బాగా వచ్చేవి. పెట్టెకు వీపు చూపించొద్దు. గుడ్డ మీద పడుకోబెట్టొద్దు, ఆపినావంటే నిలబెట్టు. ముందు అదే గుడ్డ ముక్క మీద పెట్టి చూడు, ఆనక రవిక మీద పెట్టు. పట్టును తిరగేసి, పైన పల్చటి గుడ్డ పరిచి చెయ్యి. నీళ్ళ చుక్క వేస్తే ఊరికే సుయ్‌మని ఇంకిపోవాలి. చుక్క ఎగిరి గంతులేసిందంటే అది పట్టుకే కాదు, నీకూ యముడు. బొగ్గుల పెట్టెను గుడ్డకు దూరంగా పోయి ఊపుకో, బూడిద గుడ్డ మీద పడనీయొద్దు. అన్నిటికంటే పైన ఇంకొకటి ఉండేది. దాన్ని రోజూ పొద్దున చెప్పించుకునేది.

"కాలితే?"

"చెప్పాలత్తా."

"దాచిపెడితే?"

"రెండుసార్లు కాలినట్టత్తా."

ఒక నెలంతా నీళ్ళు చిలకరించినాను. కుంపటి విసిరినాను. చెత్తముక్కల మీద చల్లారిన పెట్టెతో గీసినాను. ఒకనాడు అత్త నా చెయ్యి తిప్పి చూసి, "రేపు వేడి పెట్టె ఇస్తా" అంది. ఆ మాటకు నాకు రాత్రి అన్నం కూడా సహించలేదు.

తెల్లారింది. తెల్లకారు వచ్చింది. అందులోంచి బేసరి పెద్దమ్మ దిగింది.

కొడవలూరు వైపు మాగాణి ఉన్న ఇంటి ఇల్లాలు ఆమె. ముక్కుకు ఏడు రాళ్ళ బేసరి పెట్టుకునేది. ఎండ తగిలితే ఆ మెరుపుకు సముద్రంలో పడవలు దారి తప్పేవని మామ అనేవాడు. బేసరి కంటే ఆ ముక్కు గొప్పది. కారు దిగడమే కొంగు అడ్డం పెట్టుకుని దిగేది. కుట్టిన ప్రతి రవికనూ ముక్కు దాకా తీసుకుపోయి పీల్చేది. "మేయ్, బాగా కుట్టినావు గానీ, గుడ్డలకు కూడా చేపల కంపేందే మీ ఊళ్ళో?" అనేది. అత్త నవ్వి ఊరుకునేది. ఆ ఏడు ఆమె కూతురి పెళ్ళి. నలభై రవికలు అత్తకే వచ్చినాయి. నలభై రవికల ముందు అత్త నవ్వక ఏం చేస్తుంది?

ఆ పొద్దు ఆమె వచ్చింది తన రవిక కోసం. మామిడిపండు రంగు పట్టు, జానెడు జరీ. పెళ్ళినాడు వేసుకోవాల్సింది. కుట్టడం అయిపోయింది, ఇస్త్రీ ఒక్కటే మిగిలింది. అత్త ఇత్తడి పెట్టెలోకి నిప్పులెత్తబోతా ఉంటే, ఆమె గూట్లో ఉన్న కరెంటు పెట్టెను చూసింది.

"అంత తెల్లటి కరెంటు పెట్టె పెట్టుకుని, ఈ మసిపెట్టెతో ఏంది నీ యాతన? బూడిద పడితే నా రవిక గతేంది?"

"అమ్మా, దాని బిళ్ళ విరిగిపోయుండాది. వేడి మన మాట వినదు. నూలుకు సరే గానీ, పట్టుకు వద్దు."

"మా ఇంట్లో లేదా? నాకే చెప్తావా నువ్వు? ఇటియ్యి, నేను చేసి చూపిస్తా."

ఇంక ఆపేదెవరు? ఆమే ప్లగ్గు పెట్టింది. ఆమే రవిక పరిచింది. ముక్క మీద పెట్టి చూడలేదు, తిరగెయ్యలేదు, పైన పల్చటి గుడ్డ వెయ్యలేదు. నేను రెండు చేతులతో నీళ్ళ గిన్నె పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాను. రెండుసార్లు అటూ ఇటూ తోసింది. మూడోసారి ఆమెకు వాళ్ళ వదిన గుర్తొచ్చింది. ఆ వదిన పెళ్ళిచూపుల్లో కాసులపేరు ఎట్లా సవరించుకుందో చూపించడానికి ఆమెకు రెండు చేతులూ కావాల్సి వచ్చినాయి. పెట్టెను రవిక మీదే పడుకోబెట్టి, అత్త వైపు తిరిగింది.

పట్టు మాడితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. జిల్లాలోకెల్లా గొప్పదైన ఆ ముక్కు, మాటల్లో పడి ఆ ఒక్క వాసన పట్టలేదు.

"పెద్దమ్మా! పెట్టె!" అని అరిచినాను.

ఎత్తేసరికి రవిక వీపు మీద ఒక గోధుమరంగు పడవ. నా కంటికి అది మామ పడవ కంటే పెద్దది. ఆమె ఆ పడవను చూసింది. అత్తను చూసింది. నన్ను చూసింది. వేలెత్తింది.

"ఈ పిల్ల! ఈ పిల్లే పెట్టింది! నేనిట్టా తిరిగినా, ఇది పెట్టేసింది!"

నీళ్ళ గిన్నె పట్టుకోవడానికే నాకు రెండు చేతులూ చాలలేదు. పెట్టెను మూడో చేత్తో పెట్టి ఉండాలి నేను.

అత్త వైపు చూసినాను. అత్తకు తెలుసు, కళ్ళారా చూసింది. పెదవి కదిలింది. నలభై రవికలు ఆ పెదవి మీద కూర్చున్నాయి.

"పిల్లది అమ్మా. తెలీక పెట్టింది. మిగిలిన ముక్కతో వీపు విప్పి కొత్తది వేసిస్తా, మీకు కుట్టు కూడా కనబడదు" అంది. నా వైపు చూడకుండా, "నువ్వింక పెట్టె జోలికి రావద్దు" అంది.

బేసరి పెద్దమ్మ కారెక్కతా ఎక్కతా, "చేపలేరుకునే చేతులకు పెట్టెలెందుకంట!" అని ఒక మాట ఇసుకలో పారేసి పోయింది.

నాకు ఏడుపు రాలేదు. పగ వచ్చింది. అంత చిన్న ఒంట్లో అంత పెద్ద పగ పట్టడానికి చోటెక్కడిదో నాకిప్పటికీ తెలియదు. ఆమె చెప్పుల్లో పల్లేరుకాయలు పెడదామనుకున్నాను. రవిక చంకల్లో దురదగొండి నూగు రాద్దామనుకున్నాను. రాస్తే ముందు అత్తకే దురద పడుతుందని మానుకున్నాను. కారు చక్రాల్లో గాలి తీస్తే ఆమె ఇంకో రెండు గంటలు మా ఇంట్లోనే కూర్చుంటుంది. సముద్రం ముందు నిలబడి, ఒక్క అల ఎక్కువగా వేసి కొడవలూరు దాకా పోయి రమ్మని బతిమాలినాను. సముద్రానికి దాని పనులు దానికున్నాయి.

అత్త నాతో నాలుగు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. కోపం నా మీద అనుకున్నాను. రెండు రోజులు కూర్చుని ఆ రవిక వీపు విప్పి కొత్తది వేసింది. నిజంగానే కుట్టు కనబడలేదు.

ఇస్త్రీ నాడు దారి దానంతటదే కనబడింది. పెళ్ళి గుడ్డలకు అత్తకొక ఆనవాయితీ ఉండేది. సవక కట్టె బొగ్గును కుంపట్లో ఎర్రగా కాల్చి, పెట్టెలోకి ఎత్తి, మూత వేసే ముందు పైన చిటికెడు సాంబ్రాణి చల్లేది. ఆ పొగ గుడ్డలోకి దిగి, పెళ్ళి మూడు రోజులూ రవిక గుడిలాగా గుబాళించేది. పది ఊళ్ళవాళ్ళు అత్తను వెతుక్కుంటా వచ్చేది అందుకే. పెట్టె జోలికి రావద్దంది గానీ, నిప్పులెత్తే పని నాదే. సాంబ్రాణి పొగ ఎక్కే గుడ్డకు, ఇంకో పొగ ఎక్కదా?

పెరట్లో వల మీద ఎండతా ఉన్న నెత్తళ్ళలోంచి ఏడు ఏరినాను. ఏడే ఎందుకంటే, ఆమె బేసరిలో రాళ్ళు ఏడు. ఒక్కొక్క రాయికీ ఒక్కొక్క నెత్తలి. పెట్టె అడుగున వాటిని వరసగా పడుకోబెట్టి, పైన నిప్పులు పోసినాను. అత్త వచ్చి సాంబ్రాణి చల్లి, కోడిపుంజు గొళ్ళెం వేసి, ఊపడం మొదలుపెట్టింది.

చేపలో ఉప్పుంటుందని నాకు తట్టలేదు. నిప్పు తగిలేసరికి ఆ ఉప్పు దీపావళి చేసింది. పెట్టె లోపల చిటపట, చిటపట.

"ఏందే, ఈ బొగ్గు ఇట్టా పేలతా ఉండాది? తడిసిందా?"

"మంచుకేమో అత్తా."

"ఎండాకాలంలో మంచేందే?"

"సముద్రపు మంచు."

అత్త పెట్టెను రవిక మీదికి తెచ్చింది. నేను ఎదురుగా అంచు లాగి పట్టుకుని ఉన్నాను. పక్క బొక్కలోంచి ఒక రవ్వ ఎగిరి, వచ్చి నా ముంజేతి మీద కూర్చుంది. దాని వెనకనే ఇంకొకటి. పళ్ళు కొరుక్కున్నాను. గుడ్డ వదల్లేదు. నోరు తెరవలేదు. తెరిస్తే పెట్టె తెరుస్తుంది అత్త. పెట్టె తెరిస్తే నెత్తళ్ళు బయటపడతాయి.

నాకు భయమల్లా ఆ వాసన అత్తకు తెలుస్తుందని. అత్త హాయిగా గాలి పీల్చి, "ఈసారి సాంబ్రాణి మంచిది దొరికిందే" అంది. అప్పుడు నేను కూడా పీల్చి చూసినాను. నాకూ సాంబ్రాణే! ఇంకేం వాసనా లేదు. ఆ ఊరి ముక్కులకు నెత్తళ్ళ వాసన, గాలికి వాసన ఉన్నంతే. నా ముక్కు కూడా ఆ ఊరిదైపోయి నెల దాటింది. పగ తీరిందో లేదో తెలుసుకునే దారి లేకుండా పోయింది. మిగిలిందల్లా చేతి మీద రెండు బొబ్బలు. వాటిని దాచడానికి, మండుటెండల్లో మామ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని పది రోజులు తిరిగినాను. "ఏందే ఆ వేషం?" అని అత్త అడిగితే "చలి" అన్నాను. ఆ రోజు కాకులు కూడా నీడ కోసం కొట్టుకుంటా ఉండినాయి.

పెళ్ళికి అత్తనూ రమ్మన్నారు, ఆఖరి రవికలు చేతికి తెచ్చిమ్మని. నేనూ పోయినాను, ఆ చొక్కాతోనే. కొడవలూరు వైపు పచ్చటి పొలాల మధ్య అంత పెద్ద పందిరి. వంటల వైపు నుంచి సాంబారు, నేతి బూరెల వాసన. అక్కడి గాలి పీల్చగానే నా ముక్కు మళ్ళీ పుట్టింది. మేం ఒక మూల గుంజ పక్కన కూర్చున్నాం.

బేసరి పెద్దమ్మ మామిడిపండు రంగు రవికలో, పందిరంతా తనే అయి తిరగతా ఉంది. వాళ్ళ వదిన, అదే, కాసులపేరు వదిన, జరీ తడిమి చూసి, "ఏం నిగనిగలాడతా ఉండాది వదినా! ఇస్త్రీ ఎవరు చేసినారు?" అంది.

మేం వినేటట్టే చెప్పింది ఆమె. "ఇంకెవురు? నేనే, మా కరెంటు పెట్టెతో. ఆ సముద్రపోళ్ళకు పట్టంటే ఏం తెలుసు? ఒకసారి మాడ్చి పెట్టినారు. మళ్ళీ వాళ్ళ చేతికిస్తానా!"

అత్త తల వంచుకుంది. నేను అత్త వేళ్ళు చూసినాను. చాప పుల్లలు ఒక్కొక్కటే తుంచతా ఉన్నాయి.

ఎండ ఎక్కింది. పెద్దమ్మకు చెమట పట్టింది. చెమట పట్టేకొద్దీ ఆ రవికలో సాంబ్రాణి చాటున నిద్రపోతా ఉన్న ఏడుగురూ ఒకరి తర్వాత ఒకరు లేచినారు.

మొదట ఆమె ముక్కు కదిలింది. గాలి అటు పీల్చింది, ఇటు పీల్చింది. నేరుగా వంటల దగ్గరికి పోయింది. "ఎవుర్రా చేపలు తెచ్చుకున్నది? పెళ్ళింట్లో చేపలేంది?" వంటాయన గరిటె పారేసి, "అమ్మా, మీ సాంబార్లో చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తా!" అన్నాడు. సాంబారును కాపాడుకోవడానికి అక్కడ్నించి వచ్చేసింది. మగపెళ్ళివారి విడిది దగ్గర నిలబడి పీల్చింది. వాళ్ళు మొహాలు చూసుకున్నారు. ఎక్కడికి పోతే అక్కడే చేపలు! పోయిన చోటల్లా వాసన ఆమె కంటే ముందే వచ్చి కూర్చుంటా ఉంది.

అప్పుడొచ్చింది పిల్లి. బూడిదరంగు గండుపిల్లి, పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలాగా నిదానంగా నడిచొచ్చి ఆమె వెనక నిలబడింది. ఆమె నడిస్తే నడిచింది, ఆగితే ఆగింది. తర్వాత రెండోది. కొడవలూరు చుట్టుపక్కల ఎన్ని పిల్లులున్నాయో ఆరోజే నాకు తెలిసింది. అక్షింతల కంటే పిల్లులే ఎక్కువైనాయి. మగపిల్లవాడి తల్లి కొంగు అడ్డం పెట్టుకుని, ఎంత మెల్లిగా చెప్పాలో అంత గట్టిగా చెప్పింది.

"వదినగారూ, వాసన మీ దగ్గర్నించేనండీ."

పందిరి చల్లబడింది. బేసరి పెద్దమ్మ తన రవిక చేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకుని పీల్చింది. ఆ కళ్ళు జనంలోంచి వెతుక్కుంటా వచ్చి అత్త మీద పడినాయి.

"ఏమ్మే! ఏం చేసినావే నా రవికను?"

ఇది నేను అనుకోలేదు. పగ అంతా ఆమె మీద వేసినాను గానీ, తిరిగొచ్చి పడేది అత్త మీద అని నాకు తట్టలేదు. పది ఊళ్ళ ఆడవాళ్ళు అక్కడే ఉన్నారు. ఇంకొక్క మాట ఆమె నోట్లోంచి వస్తే అత్త మిషను మీద బూజు పట్టడమే మిగులుతుంది. లేచి నిలబడినాను, "నేనే" అని చెప్పేద్దామని. నోరు తెరిచినాను కూడా.

నా కంటే ముందు కాసులపేరు వదిన తెరిచింది.

"అదేంది వదినా? ఇందాకే గదా అంటివి, నేనే ఇస్త్రీ చేసుకున్నా, వాళ్ళ చేతికి ఇవ్వనేలేదని?"

బేసరి పెద్దమ్మ ఇరుక్కుపోయింది. కాదంటే ఇందాక చెప్పింది అబద్ధం. అవునంటే వాసన ఆమె సొంతం. మింగలేదు, కక్కలేదు. ఆ అవస్థ నేను కళ్ళు ఆర్పకుండా చూసినాను. అంత కమ్మటి భోజనం నేనింతవరకు ఏ పెళ్ళిలోనూ తినలేదు. "మా... మా పెట్టె పెట్టే అలమర్లోనే ఏదో ఉండాది" అని గొణిగి, గిరుక్కున లోపలికి పోయింది. పిల్లులు గడప దాకా సాగనంపినాయి. కూతురి ముహూర్తానికి ఆమె రోజూ తొడుక్కునే నూలు రవికతో వచ్చి నిలబడింది.

అత్త నా చెయ్యి పట్టుకుని వంటల వెనక్కి ఈడ్చుకుపోయింది. ఆమె ముక్కు కూడా అక్కడి గాలికి బాగుపడి ఉంటుంది. చొక్కా చెయ్యి పైకి లాగింది. ఎండిన రెండు బొబ్బలు. చెంప చెళ్ళుమంటుందని కళ్ళు మూసుకున్నాను.

"ఎన్ని వేసినావు?"

"ఏడు."

"ఏడేనా?"

కళ్ళు తెరిచి చూస్తే అత్త నోట్లో కొంగు కుక్కుకుని కదిలిపోతా ఉంది. నవ్వి నవ్వి కూలబడింది. నవ్వు ఎక్కడ ఆగిందో, ఏడుపు ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు.

"కాలితే చెప్పమంటిని గదే," అంది నా చెయ్యి నిమరతా. "పది రోజులు దాచినావా? చీము పట్టుంటే?" చొక్కా చెయ్యి మళ్ళీ కిందికి దించి, "నువ్వే కాదులే. ఆ పొద్దు నోరు తెరవాల్సింది నేను. తెరవలా. పెళ్ళి పని పోతాదని నిన్ను ముందుకు తోసినా. అప్పట్నించి నాకూ కాలతానే ఉండాది. నేనూ చెప్పలా" అంది.

మర్నాడు పొద్దున అత్త ఇత్తడి పెట్టెను ఇసుకతో, చింతపండుతో గంటసేపు తోమింది. నిప్పులు తనే ఎత్తింది. గొళ్ళెం వేసింది. పిడి నా వైపు తిప్పి, "పట్టుకో" అంది. రెండు చేతులా పట్టుకున్నాను. "కాలితే?" అంది. "చెప్పాలత్తా" అన్నాను. ఆ పెట్టె బరువుకు నా భుజం నేలను తాకింది. ఇప్పుడా పెట్టె నా కుట్టుగదిలో ఎత్తుపీట మీద ఉంది. అత్త లేదు. ఆ తడికె గది ఉన్న చోట ఇప్పుడు రొయ్యల గుంట.

ఇవన్నీ ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, నిన్న ఒక పాతికేళ్ళ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ముక్కు చూడగానే గుర్తుపట్టినాను. బేసరి లేదు గానీ, కింద ముక్కు అదే. సంచిలోంచి మామిడిపండు రంగు రవిక తీసింది.

"మా అమ్మమ్మదండీ. నా కొలతకు చేసి, ఇస్త్రీ చేసిస్తారేమోనని."

వీపు తిప్పి చూసినాను. అత్త కుట్టు ఈరోజుకీ కనబడలేదు.

"అమ్మమ్మ బాగుండాదా?"

"ఎనభై దాటినాయండీ. మనిషి గట్టిదే. వాసనలే అస్సలు తెలియడం లేదు, ముక్కు పోయింది. ఆమే మీ చిరునామా కనుక్కుని పంపింది. ఇంకోటి అడిగి రమ్మందండీ. నాకైతే ఏమీ అర్థం కాలా."

"ఏమని?"

"'ఎన్ని వేసిందో కనుక్కోవే' అని."

కత్తెర కింద పెట్టినాను. అంటే తెలుసు! ఇన్నేళ్ళుగా తెలుసు. ఆ పందిట్లో తెలిసిందో, ఆ అలమరా వెతికి వెతికి తెలుసుకుందో. తెలిసి కూడా, తన అబద్ధం బయటపడుతుందని పళ్ళు కొరుక్కుని, ఆ తర్వాత కూడా తన రవికలు అత్తకే పంపింది. పాపం, లెక్క తెలియకుండా పోతానేమోనని ఇప్పుడు బెంగ పట్టుకున్నట్టుంది. ఒక్క మాట చెప్తే ముసలామె ప్రాణం కుదుటపడుతుంది. నాలుక చివరిదాకా వచ్చింది ఏడు.

మింగేసినాను.

"అమ్మమ్మతో చెప్పమ్మా. ఈ రవిక మీద ఆ పొద్దు కరెంటు పెట్టెను పడుకోబెట్టిందెవరో ముందు ఆమె చెప్పాలంట. తర్వాత నేను చెప్తానంట."

అమ్మాయి నన్నూ, రవికనూ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయింది.

కొత్త పెట్టెలో నీళ్ళు పోసి, బిళ్ళను పట్టు దగ్గర ఆపి, ముందు ముక్క మీద పెట్టి చూసినాను. రవిక తిరగేసినాను. పైన పల్చటి గుడ్డ పరిచినాను. బుస్సుమని ఆవిరి వదిలినాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి, ఆ ఆవిరికి వీపు కుట్టులోంచి ఆ ఏడుగురిలో ఒకడు లేచినాడు. సన్నగా, ఎక్కడో వల మీద ఎండతా ఉన్నట్టు. కుట్టు నేర్చుకునే పిల్లలు ముక్కులు మూసుకుని, "ఏందక్కా ఆ వాసన?" అన్నారు.

"సాంబ్రాణి" అన్నాను.

జవాబు ఇంకా రాలేదు. ఈ పెట్టెకు రెండేళ్ళు గ్యారంటీ అని కొట్టాయన రాసిచ్చినాడు. నాకూ ఆమెకూ ఎవరూ రాసివ్వలేదు. అయినా సరే, ముందు ఆమే చెప్పాలి.